డైనో షీటు మీద 212, చక్రాల దగ్గర 152: ట్యూనింగ్ షాపుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్యూనింగ్ షాపుల యజమానులకు, డైనో ఆపరేటర్లకు,

నమస్కారం. మీలో చాలామంది పనితనం మీద నాకు గౌరవం ఉంది. డైనో అంటే బండి చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మిషన్. మీరిచ్చే డైనో షీట్లలో అసలు కొలిచిన అంకె ఎందుకు ఉండదని విడిగా అడిగితే జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

నాది విజయవాడ. నా కారు 1.5 లీటర్ల టర్బో పెట్రోల్. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం. కంపెనీ లెక్కలో పవర్ 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి యూనిట్), టార్క్ (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. మొన్న మే నెలలో హైదరాబాద్‌లో ఒక షాపుకు వెళ్లి స్టేజ్ 1 రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచే పని, చేయించాను. ముప్పై ఎనిమిది వేలు తీసుకున్నారు. పని అయ్యాక బండిని డైనో ఎక్కించి, గ్రాఫు రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చారు. పైన పెద్ద అక్షరాల్లో 212 అని ఉంది. ఆ కాగితం మా తమ్ముడికి చూపించాను, ఆఫీసులో చూపించాను. 150 బండి 212 అయిందంటే ఎవరికి సంతోషం ఉండదు?

వారం తర్వాత తీరిగ్గా చూస్తే షీటు కింది మూలన చిన్న అక్షరాల్లో మూడు సంగతులు కనిపించాయి. కరెక్షన్ ఎస్‌టీడీ, అంటే వాతావరణాన్ని బట్టి అంకెను సవరించే ఒక పద్ధతి. గుణకం 1.14. డ్రైవ్‌ట్రెయిన్ లాస్, అంటే ఇంజిన్ నుంచి చక్రాల దాకా వచ్చేలోపు పోయే శక్తి, 18 శాతం. అసలు మిషన్ కొలిచిన అంకె మాత్రం షీటులో ఎక్కడా లేదు. జూన్‌లో షాపుకు మెసేజ్ పెట్టి, ఆ రోజు రన్ (డైనో మీద ఒకసారి తీసిన కొలత) ఫైలు పంపమని అడిగాను. "సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె అదే సార్, అందరికీ ఇలాగే ఇస్తాం" అన్నారు. జూలైలో పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు స్వయంగా అడిగాను. ఆపరేటర్ ఊళ్లో లేరన్నారు. ఆగస్టులో మెయిల్ రాశాను. దానికి జవాబే లేదు.

ఆ షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క షాపు సంగతే అయితే ఇంత పొడుగు లేఖ అక్కర్లేదు. ఈ లోపల స్నేహితుల దగ్గర, తెలిసినవాళ్ల దగ్గర ఏడు షీట్లు సేకరించి చూశాను. అవి ఒక షాపువి కావు, ఒక ఊరివి కావు. ఏడింటిలో ఆరు టర్బో బండ్లకు ఇదే లెక్క కట్టి ఉంది. చక్రాల దగ్గర కొలిచిన అసలు అంకె ఒక్కదాంట్లోనే కనిపించింది.

నాకు ఈ పట్టింపు ఎందుకో కూడా చెప్పాలి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు డీజిల్ పంపులు కాలిబ్రేషన్ చేశారు. లారీ పంపు బెంచి ఎక్కించాక టెస్ట్ ఆయిల్ సరైన వేడికి వచ్చేదాకా కొలత తీసేవారు కాదు. డ్రైవర్ తొందరపెట్టినా సరే, థర్మామీటర్ చూసి "ఇంకా రాలేదు, కూర్చో" అనేవారు. ఏ స్పీడులో ఏ సిలిండర్‌కు ఎన్ని సీసీలు పడిందో కార్డు మీద చేత్తో రాసి ఇచ్చేవారు. సరిచేయకముందు అంకె ఒక వరసలో, సరిచేశాక అంకె పక్క వరసలో. ఎనిమిదో క్లాసు దాకా చదువుకున్న డ్రైవర్లు కూడా ఆ కార్డు చూసి ఏం మారిందో చెప్పగలిగేవారు. లక్షలు పోసి కొన్న డైనో నుంచి వచ్చే కాగితం ఆ కార్డు చెప్పినంత కూడా చెప్పకపోవడమే నా బాధ.

ముందు నా షీటు లెక్క చూడండి. 212 ని 1.14 తో భాగిస్తే 186. అందులోంచి 18 శాతం తీసేస్తే 152 పైచిలుకు. అంటే రోలర్ల మీద మిషన్ కొలిచింది 152. వాతావరణం పేరు చెప్పి దాన్ని దాదాపు 174 చేశారు. గేర్‌బాక్సులో పోయి ఉంటుందని ఊహించి ఆ 174 ని 212 చేశారు. 152 నా బండిది. మిగతా 60 కాగితం మీద పుట్టింది. ఆ అరవైలో కొంత న్యాయమైనదే. గేర్లలో, బేరింగుల్లో, టైర్లలో కొంత శక్తి నిజంగానే పోతుంది, కాబట్టి ఇంజిన్ దగ్గర అంకె చక్రాల దగ్గరి దానికన్నా ఎక్కువే ఉంటుంది. కానీ అందులో ఎంత కొలిచారు, ఎంత ఊహించారు అన్నది చెప్పకుండా మొత్తం కలిపి ఒకే అంకెగా ఇవ్వడం సరికాదు.

రీమ్యాప్ దండగ అని నేను అనడం లేదు. బండిలో తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. కంపెనీ 150 పీఎస్ బండి చక్రాల దగ్గర 125, 130 చూపిస్తుందనుకుంటే, 152 అంటే మంచి పనే. ఆ అంకెనే చెప్పి ఉంటే నేను సంతోషంగా డబ్బు కట్టేవాణ్ణి, మరో నలుగురిని పంపేవాణ్ణి.

ఇక అసలు విషయానికి వస్తాను. వాతావరణ కరెక్షన్ అనేది మోసం చేయడానికి పుట్టింది కాదు. వేడి గాలి, పలచని గాలి ఇంజిన్‌కు తక్కువ ఆక్సిజన్ ఇస్తాయి. ఎండాకాలం హైదరాబాద్‌లో కొలిచిన బండిని, చలికాలం విశాఖలో కొలిచిన బండిని పోల్చాలంటే రెండింటినీ ఒకే వాతావరణానికి తేవాలి. అందుకే ప్రమాణాలు పెట్టారు. ఎస్ఏఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన జే1349 ప్రమాణంలో 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడి గాలి ఆధారం. ఎస్‌టీడీ అని పిలిచే పాత పద్ధతిలో దాదాపు 15.5 డిగ్రీలు, 1013 మిల్లీబార్లు ఆధారం. చల్లటి, చిక్కటి గాలి అని ఊహించుకునే పద్ధతి కాబట్టి ఎస్‌టీడీ అంకె ఎస్ఏఈ కన్నా నాలుగు శాతం దాకా ఎక్కువ వస్తుంది. మన షాపుల్లో ఎక్కువ మంది ఎస్‌టీడీనే ఎందుకు ఎంచుకుంటారో మీకే తెలుసు.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండ, 945 మిల్లీబార్ల పీడనం, గాలిలో తేమ 25 శాతం అనుకోండి. తేమ వాటా తీసేస్తే పొడి గాలి సుమారు 927. ఈ అంకెలతో ఎస్ఏఈ గుణకం 1.11 వస్తుంది, ఎస్‌టీడీ గుణకం 1.14 వస్తుంది. బెంగళూరు ఇంకా ఎత్తులో, 900 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ మామూలు రోజున ఎస్ఏఈ గుణకమే 1.14 దగ్గరికి పోతుంది. టర్బో లేని బండికి ఈ లెక్క చాలావరకు సబబే. పాత అంబాసిడర్ అరకు ఘాట్ ఎక్కుతుంటే ఎలా రొప్పేదో చూసినవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

అదే ఘాట్‌లో టర్బో బండి అంతగా రొప్పదు. ఈ వాదన అంతా అక్కడే ఉంది.

విమానాల్లో టర్బోను ఎత్తైన చోట్ల ఉపయోగం కోసమే పెంచి పోషించారు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ లిబర్టీ అనే విమాన ఇంజిన్‌ను అమెరికాలో పైక్స్ పీక్ కొండ మీదికి, 4,300 మీటర్ల ఎత్తుకు, తీసుకెళ్లి పరీక్షించారు. సముద్ర మట్టం దగ్గర 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ కొండ మీద 230 కి పడిపోయింది. టర్బో బిగించాక అదే కొండ మీద 356 ఇచ్చింది. గాలి పలచబడినా ఇంజిన్‌కు ఆ లోటు తెలియనివ్వకపోవడమే టర్బో పని. ఆ 356 ని తీసుకుని, ఇది కొండ మీద కొలిచింది కాబట్టి పీడనం కరెక్షన్ వేద్దాం అని ఇంకో సగం కలిపితే ఎంత తప్పో చూడండి. ఆ లోటు టర్బో అప్పటికే పూడ్చేసింది. పూడ్చిన గొయ్యిని మళ్లీ పూడ్చినట్టు లెక్క రాయడమే అది. మన షీట్లలో చిన్న మోతాదులో జరుగుతున్నది ఇదే.

ఈ కాలపు టర్బో కార్లలో చాలావాటికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో, ఇంత పీడనం కావాలని లక్ష్యం పెట్టుకుంటుంది. ఆ లక్ష్యం సంపూర్ణ పీడనంలో ఉంటుంది, బయటి గాలి మీద ఇంత అదనం అని కాదు. బయట 1013 ఉన్నా 945 ఉన్నా వేస్ట్‌గేట్‌ను (టర్బోను తిప్పే ఎగ్జాస్ట్‌ను అదుపు చేసే వాల్వు) సర్ది, టర్బోను కాస్త ఎక్కువ తిప్పి, ఆ లక్ష్యాన్ని అందుకుంటుంది. టర్బో ఎక్కువ తిరిగితే గాలి ఎక్కువ వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి కొంత నష్టం ఉంటుంది. కానీ అది టర్బో లేని ఇంజిన్‌కు వచ్చే నష్టం అంత కాదు. స్ప్రింగు మీద నడిచే పాత రకం వేస్ట్‌గేట్ ఉన్న బండ్లలో లెక్క వేరు. అవి బయటి గాలి మీద ఒక బార్ అదనంగా ఇస్తాయనుకుంటే, 950 మిల్లీబార్లు ఉన్న రోజున టర్బో లేని బండి ఆరు శాతం నష్టపోయే చోట ఇవి మూడు శాతమే నష్టపోతాయి. ఏ రకంగా చూసినా మొత్తం కరెక్షన్ వేయడం కుదరదు.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదు. బూస్ట్‌ను (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) సంపూర్ణ పీడనంతో అదుపు చేసే ఇంజిన్లకు బయటి పీడనం కరెక్షన్ వేయకూడదని ఎస్ఏఈ జే1349 లోనే ఉంది. యూరప్‌లో వాడే ఆర్85 నిబంధన పెట్రోల్ ఇంజిన్లకు గుణకం 0.93 నుంచి 1.07 లోపు ఉండాలంటుంది. అది దాటితే ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం కచ్చితంగా రిపోర్టులో రాయాలంటుంది. నా షీటులో 1.14 ఉంది, ఉష్ణోగ్రత లేదు, పీడనం లేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఏఈ అనే బటన్ నొక్కగానే ఎస్ఏఈ ప్రమాణం పాటించినట్టు కాదు. అందులోని ఫార్ములా మాత్రమే వాడినట్టు.

నా బండికి ఆ రోజు వేడి కరెక్షన్ ఒక్కటే వేస్తే ఎస్ఏఈ లెక్కలో సుమారు మూడు శాతం కలుస్తుంది. 152 కాస్తా 157 అవుతుంది, 174 కాదు.

గుణకం ఒక్కటే కాదు, అంకె పెరగడానికి డైనో గదిలో ఇంకా దారులు ఉన్నాయి. ఉష్ణోగ్రత ప్రోబ్‌ను రేడియేటర్ పక్కనో ఎగ్జాస్ట్ వైపో వేలాడదీస్తే, అది పది డిగ్రీలు ఎక్కువ చూపించినా 200 మీద మూడు నాలుగు పీఎస్ ఊరికే కలుస్తాయి. నేను వెళ్లిన చోట ప్రోబ్ ఎక్కడుందో అప్పట్లో నాకు గమనించాలని కూడా తెలియదు. డైనోల తేడా ఇంకొకటి. బరువైన డ్రమ్ములను తిప్పి కొలిచే ఇనర్షియా డైనో మీద బండి త్వరగా ఆర్‌పీఎం ఎక్కేస్తుంది, టర్బోకు పూర్తి బూస్ట్ కట్టే సమయం దొరక్కపోవచ్చు. ఎడ్డీ కరెంట్ బ్రేకుతో లోడ్ పెట్టే డైనో మీద నెమ్మదిగా ఎక్కిస్తే బూస్ట్ నిండుగా వస్తుంది, కానీ టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోతుంది. గేరు మారిస్తే అంకె మారుతుంది. టైరులో గాలి, బెల్టులు బిగించిన తీరు, ముందు పెట్టిన ఫ్యాను సైజు, ఇవన్నీ మారుస్తాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలి ఏ చిన్న ఫ్యాను ఇవ్వలేదు. అందుకే మూడో రన్‌లో ఈసీయూ ఇగ్నిషన్ వెనక్కి లాగి (స్పార్క్‌ను ఆలస్యం చేసి) అంకె పడిపోతుంది, కస్టమర్‌కు మొదటి రన్ కాగితమే చేతికొస్తుంది. ఎండలో, ట్రాఫిక్‌లో వేడెక్కినప్పుడు అతను నడిపేది ఆ మూడో రన్ లాంటి బండినే.

లాస్ శాతం గురించి కూడా ఒక మాట. 15, 18, 20 అని ఒక స్థిరమైన శాతం వేయడంలో పెద్ద లోపం ఉంది. అదే గేర్‌బాక్సు, అవే టైర్లు. రీమ్యాప్‌కు ముందు 22 పీఎస్ మింగితే, రీమ్యాప్ తర్వాత కొద్దిగా పెరుగుతుందేమో గానీ, పవర్ పెరిగినంత నిష్పత్తిలో మొత్తం పెరగదు. శాతం వేస్తే మాత్రం ఇంజిన్‌లో పెరిగిన ప్రతి పీఎస్‌కూ లేని లాస్ తోడవుతుంది. రన్ అయ్యాక క్లచ్ నొక్కి రోలర్లు వాటంతట అవే ఆగేదాకా కొలిచే కోస్ట్‌డౌన్ పద్ధతి చాలా డైనోల్లో ఉంది. రెండు నిమిషాల పని అది.

యూనిట్ల సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. 150 పీఎస్ అంటే 110 కిలోవాట్లు, 148 హార్స్‌పవర్. షీటు మీద యూనిట్ లేకుండా అంకె ఒక్కటే రాస్తే పోల్చడానికి ఆధారం ఉండదు.

దీనివల్ల మామూలు మనిషికి ఏం నష్టం అని ఆ షాపులో నన్ను ఒకరు నిజంగానే అడిగారు. "బండి బాగా పోతోంది కదా సార్, అంకెతో మీకేం పని?" అన్నారు. నాకు తెలిసిన నష్టాలు ఇవి.

1. గేర్‌బాక్సులు, క్లచ్‌లు. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఇదే. ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్సు డీక్యూ200 ని తయారీదారు 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం చేశారు. దాని మీద 330 పెట్టినా ఏం కాలేదని బయట గట్టిగా ప్రచారం ఉంది. ఆ 330 ఏ షీటులోది? నా షీటు మీద వేసిన లెక్కే అయితే దాని వెనక నిజంగా కొలిచింది 240 లోపే, ఇంజిన్ దగ్గర 270 అయి ఉండవచ్చు. ఇంకో ఊళ్లో నిజాయితీగా కొలిచే ట్యూనర్ ఆ మాట నమ్మి నిజమైన 330 పెడతాడు. క్లచ్ ప్యాక్ పోతుంది. లక్ష పైన బిల్లు కట్టేది కస్టమర్, చెడ్డపేరు వచ్చేది నిజం చెప్పిన ట్యూనర్‌కి. పిస్టన్లు, ఇంజెక్టర్లు, క్లచ్ కిట్లు ఎంత తట్టుకుంటాయన్న మన పరిజ్ఞానం అంతా ఇలాంటి షీట్ల మీదే కట్టుకున్నాం.

2. అప్పు చేసి వచ్చే కుర్రాళ్లు. మా ఆఫీసులో ఒక అబ్బాయికి రెండేళ్ల ఉద్యోగం, కారు మీద ఇంకా ఈఎంఐ ఉంది. స్నేహితుడి షీటులో 212 చూసి, తనకు 195 వచ్చిందని బెంగపడి, డౌన్‌పైపు, ఇన్‌టేక్ వేయించుకోవడానికి క్రెడిట్ కార్డు గీకాడు. రెండు షీట్లూ తెచ్చి గుణకాలు తీసి చూశాం. చక్రాల దగ్గర అతని బండే మూడు పీఎస్ ఎక్కువ ఉంది.

3. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు. డైనో షీటు జత చేసి బండికి ఎక్కువ ధర అడుగుతున్నారు. కొనేవాడికి ఆ కాగితం ఒక సర్టిఫికెట్ లాగా కనిపిస్తుంది.

4. బీమా, వారంటీ. రీమ్యాప్ సంగతి బీమా కంపెనీకి చెప్పాల్సిన బాధ్యత యజమానిదే, అందులో నాకు వాదన లేదు. కానీ రేపు ఏ ప్రమాదంలోనో తగాదా వస్తే, బండిలో లేని 60 పీఎస్ ఉన్నట్టు రాసిన కాగితం ఆ యజమానికి వ్యతిరేకంగానే నిలబడుతుంది.

5. రోడ్డు. 212 అని చేతిలో పెట్టిన అంకెను రుజువు చేసుకోవడానికి అవుటర్ రింగ్ రోడ్డు మీదికి రాత్రిపూట పోయే పిల్లలు ఉన్నారు. తన బండి అంత పోవడం లేదని ఇంకా తొక్కుతారు. ఇది రాస్తుంటే చేయి వణుకుతోంది, ఎందుకంటే వాళ్లలో ఒకరిద్దరు నాకు తెలుసు.

6. మీలోనే నిజాయితీపరులు. ఏడింటిలో చక్రాల అంకె వేసిన ఆ ఒక్క షాపు యజమానితో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన మాట ఇది: "నేను 158 అని రాసిస్తే, కస్టమర్ పక్క షాపు 210 చూపించి నన్ను పనిరానివాణ్ణి అంటున్నాడు." ఇలాంటివాళ్లు ఎన్నాళ్లు నిలబడగలరు?

డైనోలు ఏ రెండూ ఒకలా ఉండవు, అంకెలు పట్టించుకోవద్దు అని మీరు అనవచ్చు. మొదటి సగం నిజం. అయితే ఫ్లెక్సీల మీద, రీల్స్‌లో ఆ అంకెనే పెద్దగా వేసి పిలిచి, తీరా కస్టమర్ ప్రశ్న అడిగినప్పుడు పట్టించుకోవద్దంటే ఎలా? కస్టమర్లే పెద్ద అంకె అడుగుతున్నారని ఇంకో మాట వస్తుంది. అదీ కొంత నిజమే, మా తప్పు కూడా ఉంది. కానీ కొలిచే మిషన్ మా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది.

పెద్ద కంపెనీలు కూడా ఇలాంటి చోట దిద్దుకున్నాయి. 1999లో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాకు 320 హార్స్‌పవర్ అని ప్రకటిస్తే, కొన్నవాళ్లు బండ్లను డైనో ఎక్కించి, అంత పవర్ రావడం లేదని తేల్చారు. కంపెనీ అమ్మకాలు ఆపి, బండ్లను వెనక్కి పిలిచి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ భాగాలు మార్చింది. 2001లో మాజ్డా మియాటా అంకె 155 నుంచి 142 కి దిగినప్పుడు, కావాలంటే బండి తిరిగి ఇచ్చేయమని కంపెనీ కొన్నవాళ్లకు చెప్పింది. 2005లో ఎస్ఏఈ వాళ్లు స్వతంత్ర సాక్షి ఎదురుగా పవర్ కొలిచే పద్ధతి తెచ్చారు. ఆ కాలంలోనే కొలిచే నిబంధనలు బిగించగానే టయోటా క్యామ్రీ 3 లీటర్ల వీ6 అంకె 210 నుంచి 190 కి తగ్గింది. ఇంజిన్ అదే, లెక్క మారింది. టయోటా కొత్త అంకె వేసుకుని అమ్ముకుంది, క్యామ్రీలు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

1. షీటు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, కరెక్షన్ లేకుండా చక్రాల దగ్గర కొలిచిన అంకె వేయండి, యూనిట్‌తో సహా. కరెక్షన్ వేసిన అంకె కావాలంటే దాని కింద వేయండి.

2. ఏ ప్రమాణం, ఎంత గుణకం, ఆ సమయానికి ఉష్ణోగ్రత, పీడనం, తేమ ఎంత అన్నవి ప్రతి షీటు మీద అచ్చువేయండి. ప్రోబ్‌ను బండి గాలి పీల్చే చోటికి దగ్గరగా, ఇంజిన్ వేడి తగలకుండా పెట్టండి. దాన్ని కస్టమర్ చూడాలంటే చూపించండి.

3. సంపూర్ణ పీడనంతో బూస్ట్ అదుపు చేసే టర్బో బండ్లకు పీడనం కరెక్షన్ ఆపేయండి. ఏ రకం బండో తేల్చలేకపోతే కరెక్షన్ వేయకుండా వదిలేయండి. ఎస్‌టీడీని పూర్తిగా మానేయండి.

4. రీమ్యాప్‌కు ముందు, తర్వాత, ఒకే రోజు, ఒకే డైనో, ఒకే గేరు, ఒకే ఇంధనం మీద కొలవండి. ప్రతిసారీ మూడు రన్‌లు తీసి మూడూ ఇవ్వండి. పడిపోయిన మూడోది కూడా.

5. ఇంజిన్ దగ్గర అంకె చెప్పాలనుకుంటే కోస్ట్‌డౌన్‌లో కొలిచిన లాస్ కలపండి. కొలవకపోతే చెప్పకండి.

6. బూస్ట్ లక్ష్యం, వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ గాలి వేడి, ఇగ్నిషన్ వెనక్కి లాగిన డిగ్రీలు, ఈ లాగ్‌ను రన్ ఫైలుతో పాటు కస్టమర్‌కు ఇవ్వండి. ఆ ఫైలుకు డబ్బు కట్టింది కస్టమరే.

ప్రభుత్వ శాఖలకు కూడా ఒక విన్నపం. పెట్రోల్ బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర అడిగి చూసుకునే హక్కు మనకుంది. లారీ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. నేను చూసిన ఏ డైనో మీదా అలాంటి ముద్ర కనిపించలేదు. కొలిచినందుకు డబ్బు తీసుకునే మిషన్‌కు ఏడాదికొకసారి కాలిబ్రేషన్ తనిఖీ ఎందుకు ఉండకూడదో రెండు తెలుగు రాష్ట్రాల తూనికలు కొలతల శాఖలు ఆలోచించాలి. పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) కార్ల కంపెనీల ఇంజిన్ల పవర్‌ను పద్ధతిగా కొలిచే సంస్థ. చక్రాల దగ్గర కొలిచే డైనోల కోసం, ముఖ్యంగా టర్బో బండ్ల కరెక్షన్ కోసం, రెండు పేజీల మార్గదర్శకం ఇస్తే షాపులకూ మాకూ ఒకే భాష దొరుకుతుంది.

రీమ్యాప్ చేయించుకోబోయే తోటివాళ్లకు ఒక చిన్న లెక్క. పీఎస్‌ను 7023 తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే ఆ ఆర్‌పీఎం దగ్గర టార్క్ న్యూటన్ మీటర్లలో వస్తుంది. 5500 దగ్గర 212 అంటే 271 న్యూటన్ మీటర్లు ఉండాలి. మీ షీటులో పవర్, టార్క్ గీతలు రెండూ ఈ లెక్కకు సరిపోకపోతే అక్కడే ఆపి అడగండి. సరిపోతే గుణకం ఎంతో అడగండి. ఎంత వచ్చింది అని కాకుండా, ఇదే డైనో మీద ముందుకన్నా ఎంత పెరిగింది అని అడగండి.

నా షీటు ఇచ్చిన షాపు వారికి చివరిగా. మే నెలలో నా బండి మీద తీసిన అన్ని రన్‌ల అసలు ఫైళ్లు, ఆనాటి ఉష్ణోగ్రత, పీడనం అంకెలతో సహా, దసరా లోపు పంపండి. డబ్బు వెనక్కి అడగడం లేదు. షీటు సరిచేసి మళ్లీ ప్రింటు ఇస్తే చాలు, ఆ సంగతి కూడా ఇలాగే అందరికీ తెలిసేలా రాస్తాను. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. షీటు, బిల్లు, మెసేజ్‌లు అన్నీ ఫైలు చేసి పెట్టాను. ఇదే లెక్క ఉన్న ఆ ఆరు షీట్ల యజమానుల్లో నలుగురు నాతో పాటు వస్తామన్నారు.

ఇట్లు,
ఒక టర్బో కారు యజమాని,
విజయవాడ